పర్మనెంట్ అంటే ఎంతకాలం?

ప్రశ్న: మాది పాలకొండ దగ్గర పల్లె. మావారి పని కోసం గాజువాక వచ్చి 19 ఏళ్లయింది. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. మా అమ్మాయికి మధురవాడ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటర్‌లో ఇది పర్మనెంట్ ఉద్యోగమని ఒకచోట, మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ అని మరోచోట, ఆ తర్వాత కూడా ఏ పక్షమైనా నెల రోజుల నోటీసుతో ముగించుకోవచ్చని ఇంకోచోట రాశారు. నిఘంటువు చూస్తే పర్మనెంట్ అంటే శాశ్వతమైన అని ఉంది. నెల రోజుల్లో ముగిసిపోయేది శాశ్వతం ఎలా అవుతుంది? దాంతోపాటు పంపిన ఫారంలో పర్మనెంట్ అడ్రస్ రాయమన్నారు. ఊళ్లో మా మామగారి ఇల్లు వానలకు కూలిపోయింది, అక్కడ మావాళ్లెవరూ లేరు. ఇక్కడ చూస్తే సొంత ఇల్లు లేదు. ఏది రాయాలి? ఈ మాట అర్థమేమిటో, ఎక్కడ ఎలా వాడతారో వివరంగా చెప్పగలరు. — ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ఆ ఉత్తరం రాసినవారు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నారని మీకు అనిపించడం సహజమే గాని, నిజానికి అందులో ఒకదానితో ఒకటి పొసగని మాటలేవీ లేవు. పర్మనెంట్ అనే విశేషణం ఒక ఉద్యోగం గాని, వస్తువు గాని, ఏర్పాటు గాని ఎన్నటికీ అంతం కాదని హామీ ఇవ్వదు. ఫలానా రోజున ముగిసిపోతుందని ముందుగా గడువు పెట్టలేదని మాత్రమే చెబుతుంది. గడువు పెట్టకపోవడం వేరు, ముగింపు లేకపోవడం వేరు. అడ్రస్ సంగతి చివర రాస్తాను. గాజువాక ఇంటి చిరునామానే ప్రెజెంట్, పర్మనెంట్ అనే రెండు గడుల్లోనూ రాయవచ్చు కాబట్టి, ఫారం ఇవ్వవలసిన తేదీ దగ్గర పడి ఉంటే ఆ కంగారు ముందు వదిలేయండి.

నిఘంటువు తప్పు చెప్పిందని అనలేను గాని, అది మీ చేతికిచ్చిన తెలుగు మాట ఈ సందర్భానికి మరీ పెద్దది. శాశ్వత కీర్తి అంటాం, శాశ్వత నిద్ర అంటాం; పరామర్శకు వచ్చిన పెద్దలు ఇక్కడ ఎవరు మాత్రం శాశ్వతమమ్మా అంటారు. కాలానికి లొంగనిదన్న ధ్వని ఆ మాటలో ఉంది. ఇంగ్లీషులో అంతటి అర్థానికి ఎటర్నల్, ఎవర్‌లాస్టింగ్ అనే మాటలు వేరే ఉన్నాయి, వాటిని ఉద్యోగపు కాగితాల్లో ఎవరూ వాడరు. పర్మనెంట్ లాటిన్‌లో ఉండిపోవడమనే అర్థమున్న మనేరె అనే క్రియ నుంచి వచ్చింది. ముందున్న పెర్ అనే ఉపసర్గకు ఆసాంతం, కడదాకా అని అర్థం. రిమెయిన్, మాన్షన్ అనే మాటలు కూడా ఆ క్రియ సంతానమే. కదిలిపోకుండా ఉండిపోయేదని చెప్పడం వరకే దాని పని. మన పాత తరం గుమాస్తాలు, మేస్టార్లు దీనికి ఖాయం అనేవారు. మావాడి ఉద్యోగం ఖాయమైందండి అంటే ఇక ఏడాదికోసారి ఆర్డరు కోసం ఎదురుచూడనక్కర్లేదని అర్థం. ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఆ మాటకు మూలంలో నిలబడి ఉన్నదని అర్థం. స్థిరం అనే సంస్కృత పదంలో ఉన్నదీ నిలబడటమే. ఇప్పుడు ఖాయమంటే తప్పక జరిగేదన్న అర్థమే ముందుకు వచ్చి పాత అర్థం మరుగున పడింది. మంచి మాటను పోగొట్టుకున్నామనే నాకు అనిపిస్తుంది.

ఈ విశేషణం ఎక్కడ కనబడినా, దేనికి ఎదురుగా దీన్ని పర్మనెంట్ అన్నారు అని ముందు అడగాలి. ఆ ఎదుటి మాట చాలాసార్లు కాగితం మీద ఉండదు, కాని అర్థాన్ని నిర్ణయించేది అదే. పిల్లలకు ఆరేళ్ల ప్రాయంలో రావడం మొదలయ్యే దంతాలను పర్మనెంట్ అనడం పాల పళ్లకు ఎదురుగా. అరవై దాటాక అవీ ఊడతాయని దంతవైద్యుడికి తెలియక కాదు. టిఫిన్ డబ్బా మీద పేరు రాసే పర్మనెంట్ మార్కరు నీళ్లతో కడిగితే పోదు, కాని కాస్త శానిటైజర్ వేసి తుడిస్తే నల్లగా కరిగి గుడ్డకు అంటుకుంటుంది. అక్కడ ఎదురుగా ఉన్నది నీటితో పోయే సిరా, అంతే. పర్మనెంట్ లోక్ అదాలత్ అన్నప్పుడు ఎదురుగా ఉన్నవి అప్పుడప్పుడు నిర్ణీత తేదీల్లో కూర్చుని లేచిపోయే మామూలు లోక్ అదాలత్‌లు. 2002లో న్యాయ సేవా సంస్థల చట్టాన్ని సవరించి, ప్రజోపయోగ సేవల తగాదాల కోసం ఎప్పుడూ నడిచే ఏర్పాటు చేశారు కాబట్టి దానికి ఆ పేరు. మీ పాన్ కార్డులోని పది అక్షరాల నంబరును పర్మనెంట్ అనడానికి కారణం ఊరు మారినా, ఇంటిపేరు మారినా, ఉద్యోగం మారినా అది మారకపోవడం. కొత్తగా ముద్రించిన కార్డు చేతికి రావచ్చు. దాని మీది నంబరు మాత్రం పాతదే.

మన విశాఖవాళ్లకు అందరికంటే బాగా అర్థమయ్యే ఉదాహరణ రైల్వేలో ఉంది. వాల్తేరు డివిజన్‌లో పనిచేసినవారి ఇళ్లలో పీవే అనే మాట వినకుండా పెరిగిన పిల్లలుండరు. పట్టాలు, వాటి కింది స్లీపర్లు, ఆ కింద పరిచిన కంకర, వీటన్నిటినీ కలిపి రైల్వేవారు పర్మనెంట్ వే అంటారు; ఇప్పుడు సీనియర్ సెక్షన్ ఇంజనీర్ అని పిలుస్తున్న ఉద్యోగికి ఒకప్పటి పేరు పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్. రైళ్లు పుట్టిన తొలి రోజుల్లో, లైను కట్టే కాంట్రాక్టర్లు మట్టీ రాళ్లూ మోయడానికి ముందు తేలికపాటి పట్టాలు పరిచి వాటి మీద బళ్లు నడిపేవారు. కట్టలూ వంతెనలూ పూర్తయ్యాక వాటిని పీకేసి అసలు పట్టాలు వేసేవారు. పీకేయడానికి వేసింది టెంపరరీ, ఉంచేయడానికి వేసింది పర్మనెంట్. ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

మరి ఆ పర్మనెంట్ దారిలో ఎప్పటికీ ఉండిపోయే వస్తువు ఏదైనా ఉందా అని చూస్తే ఒక్కటీ కనబడదు. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే కొండ లైను మీద ఇనుప ఖనిజం నింపుకున్న బళ్లు ఒంపుల్లో దిగుతుంటే, చక్రం అంచు ఒరుసుకునే వైపు పట్టా తల అరుగుతూ ఉంటుంది. ఆ అరుగుదలను కొలిచి రాసుకుంటారు, హద్దు దాటితే పట్టా తీసి కొత్తది వేస్తారు. చెక్క స్లీపర్లు పోయి ఇనుపవి వచ్చాయి, అవీ పోయి కాంక్రీటువి వచ్చాయి. కంకర రాళ్లు నలిగి, మట్టి చేరి, వాన నీరు దిగకుండా పోతే తవ్వి తీసి జల్లెడ పట్టి మళ్లీ పరుస్తారు. లోపలి సరుకంతా విడతలు విడతలుగా మారిపోతున్నా దాని పేరులోని పర్మనెంట్‌కు ఏ ఇంజనీరూ అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఆ మాట సరుకు ఆయుష్షు గురించి ఏనాడూ చెప్పలేదు. పని అయిపోగానే పీకేయడానికి వేసింది కాదని మాత్రమే చెప్పింది.

ఉద్యోగాల విషయంలో ఈ అర్థాన్ని నేను సొంతంగా కల్పించి చెప్పడం లేదు. ప్రభుత్వోద్యోగులకు 1922 నుంచి వర్తిస్తున్న ఫండమెంటల్ రూల్స్‌లో పర్మనెంట్ పోస్టు, టెంపరరీ పోస్టు అనే రెంటికీ నిర్వచనాలు ఉన్నాయి. నిర్ణీత జీతంతో, కాలపరిమితి లేకుండా మంజూరైనది పర్మనెంట్ పోస్టు. నిర్ణీత జీతంతోనే, పరిమిత కాలానికి మంజూరైనది టెంపరరీ పోస్టు. రెంటికీ తేడా కాలపరిమితి ఒక్కటే. ఈ నిర్వచనం పోస్టుది, మనిషిది కాదన్న సంగతి కూడా గమనించాలి. పర్మనెంట్ పోస్టులోకి టెంపరరీ మనిషిని వేయవచ్చు. టెంపరరీ పోస్టును ఏడాదికొక ఉత్తర్వుతో పొడిగించుకుంటూ పోతే, ఒకే మనిషి అందులో చేరి అందులోనే రిటైర్ కావచ్చు. అలా రిటైరైన గుమాస్తాలు మన కలెక్టరేట్ల చుట్టుపక్కల ఇళ్లలో దొరుకుతారు. టెంపరరీ అన్నది కొద్దికాలమే ఉంటుందనుకోవడం కూడా పొరపాటేనని దీన్నిబట్టి తెలుస్తుంది. అంతెందుకు, ఈ మాటను మనకు ఇచ్చిన ఇంగ్లీషు భాషే కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల్లో గడువు మీద ఉండవలసింది: రాజ్యాంగంలోని 343వ అధికరణం దానికి 15 ఏళ్ల గడువు పెట్టింది, 1963 నాటి అధికార భాషల చట్టం ఆ గడువు తర్వాత కూడా కొనసాగవచ్చంది, అది ఇంకా కొనసాగుతూనే ఉంది.

ఫ్యాక్టరీల్లో ఈ మెట్లు ఇంకా స్పష్టంగా ఉండేవి. పారిశ్రామిక ఉపాధి గురించిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన నమూనా నిబంధనలు కార్మికులను పర్మనెంట్, ప్రొబేషనర్, బదిలీ, టెంపరరీ, క్యాజువల్, అప్రెంటిస్ అని వేరు చేశాయి. భీమిలి, నెల్లిమర్ల వైపు జూట్ మిల్లు కుటుంబాలకు బదిలీ కార్మికుడంటే వివరించి చెప్పనక్కర్లేదు: పర్మనెంట్ మనిషి సెలవు పెడితే ఆ పూటకు మగ్గం దగ్గర నిలబడేవాడు, గేటు దగ్గర పేరు పిలుస్తారేమోనని పొద్దున్నే వచ్చి కాచుకునేవాడు. వాడి కళ్లకు పర్మనెంట్ అన్న మాట ఎంత బంగారంగా కనిపించేదో ఊహించవచ్చు. ఆ బంగారంలో ఉన్నది రేపు కూడా పని ఉంటుందన్న ధీమాయే గాని, మిల్లు ఎన్నటికీ మూతపడదన్న హామీ కాదు.

టెంపరరీగా ఎన్నేళ్లు పనిచేసినా దానంతటదే పర్మనెంట్ అయిపోదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసు తీర్పులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వ శాఖల్లో నియామక పద్ధతి పాటించకుండా తాత్కాలికంగా చేరినవారికి చాలాకాలం పనిచేశామన్న ఒక్క కారణం మీద పర్మనెంట్ చేయమని అడిగే హక్కు రాదని చెప్పింది. మంజూరైన పోస్టుల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి పనిచేసిన అర్హుల విషయాన్ని మాత్రం ఒక్కసారికి పరిశీలించమంది. మీ అమ్మాయిది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఈ తీర్పుతో పని లేదు. మీ ఇరుగుపొరుగులో కాంట్రాక్టు మీద పనిచేసేవారు ఉంటారు, వారు అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

తూర్పు నౌకాదళం మన ఊళ్లో ఉంది కాబట్టి పర్మనెంట్ కమిషన్ అన్న మాట మీరు పేపర్లలో చూసే ఉంటారు. కమిషన్ అంటే ఇక్కడ అధికారిగా నియామకం. అక్కడ ఎదుటి మాట షార్ట్ సర్వీస్ కమిషన్. అది ఇన్నేళ్లని లెక్క కట్టి ఇచ్చేది. పర్మనెంట్ కమిషన్ దొరికిన అధికారి ఆ హోదాకు నిర్ణయించిన రిటైర్మెంట్ వయసు దాకా ఉంటారు, ఆపై ఎవరైనా ఇంటికి రావలసిందే. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు నౌకాదళంలోని షార్ట్ సర్వీస్ మహిళా అధికారులకు అనుకూలంగా తీర్పు ఇచ్చినప్పుడు తేల్చింది ఆ గడువు గురించే: మగ అధికారులకు గడువు ఎత్తివేసే అవకాశం ఉన్నప్పుడు, ఆడవారన్న కారణంతో వీరికి ఆ అవకాశం లేకుండా చేయడం చెల్లదని.

పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులను తికమక పెట్టేది పర్మనెంట్ రెసిడెంట్. అమెరికా గ్రీన్ కార్డు మీద సాధారణంగా పదేళ్ల గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ కార్డుది, హోదాది కాదు. కార్డు కొత్తది తీసుకోవాలి గాని హోదా కోసం మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టనక్కర్లేదు. అయితే ఆ దేశం వదిలి వచ్చి ఇక్కడే కాపురం పెట్టేస్తే హోదా పోవచ్చు. కెనడావారైతే ఐదేళ్లలో కనీసం 730 రోజులు తమ దేశంలో ఉండాలని లెక్క పెట్టారు. పర్మనెంట్ అన్నారు కదా అని దాన్ని బీరువాలో దాచిన బంగారంలా చూసుకోకూడదు. దీని వెనుక షరతులుంటాయి, ఆ షరతులు తప్పితే అది కూడా పోతుంది.

ఇంత చెప్పాక, ఈ మాటను నిజంగానే ఎప్పటికీ అన్న అర్థంలో వాడి, దస్తావేజుల మీద ముద్రలు వేసిన సందర్భమూ ఒకటి ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది, అదీ మన ప్రాంతంలోనే. బెంగాల్‌లో కార్న్‌వాలిస్ 1793లో ప్రవేశపెట్టిన పర్మనెంట్ సెటిల్మెంటును మద్రాసు ప్రభుత్వం 1802లో 25వ రెగ్యులేషన్ ద్వారా ఉత్తర సర్కారులకు తెచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో శాశ్వత శిస్తు నిర్ణయమని చదువుకున్నది ఇదే. జమీందారు ఈస్టిండియా కంపెనీకి ఏటా కట్టవలసిన పేష్కష్ ఎప్పటికీ ఇంతేనని, ఎట్టి పరిస్థితుల్లోనూ పెంచబోమని ఆ రెగ్యులేషన్ ప్రకటించింది. విజయనగరం సంస్థానానికి అయిదు లక్షల రూపాయలని నిర్ణయించారు. ఆనాటికి అది చాలా భారీ మొత్తం. తరాలు గడిచేకొద్దీ సాగు పెరిగి, రూపాయి విలువ తగ్గి, అదే మొత్తం జమీందారుకు తేలికైపోయింది. రైతు కట్టే శిస్తుకు మాత్రం అలాంటి పర్మనెంట్ హద్దు ఏదీ ఈ ఏర్పాటు కల్పించలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసి ఆ మొత్తం వ్యవస్థను ఎత్తివేసింది. ఎప్పటికీ అని రాసుకున్నది 146 ఏళ్లు నడిచింది. బలమైన ప్రభుత్వం ఎప్పటికీ అని విడిగా రాసి మరీ ఇచ్చిన పర్మనెంట్ సంగతే ఇది. విడిగా ఏమీ రాయకుండా ఒక కంపెనీ వాడిన పర్మనెంట్‌లో అంతకంటే ఎక్కువ వెతకడం అనవసరం.

వాడుక గురించి కూడా అడిగారు. తెలుగులో మాట్లాడేటప్పుడు మనం ఈ మాటను ఇంగ్లీషువారు ఊహించని పనులకు పెట్టుకున్నాం. కిరాణా కొట్టువారు మీరు మా పర్మనెంట్ కస్టమర్ అంటారు. ఇంగ్లీషులో అక్కడ రెగ్యులర్ అనాలి. వాడు ఆఫీసుకు పర్మనెంటుగా లేటు అంటే ఆల్వేస్ అన్నమాట. ఏళ్ల తరబడి ఉండే కీళ్ల నొప్పిని పర్మనెంట్ అనరు, క్రానిక్ అంటారు; నయం కాని వైకల్యాన్నైతే పర్మనెంట్ డిజెబిలిటీ అంటారు. మావాడు పర్మనెంట్ అయ్యాడు అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే అయ్యాడు అనకుండా చేశారు అనే వైపు నుంచి చెప్పాలి, లేదా సర్వీసు కన్ఫర్మ్ అయిందనాలి. పోల్చి చెప్పేటప్పుడు మోర్ పర్మనెంట్ అనవచ్చునా అని కొందరు తర్కిస్తారు. ఇంకాస్త నికరమైన పరిష్కారం అన్న అర్థంలో మంచి రచయితలే వాడుతున్నారు కాబట్టి తప్పు పట్టనక్కర్లేదు. కరెంటు స్తంభాల మీద అతికించిన పర్మనెంట్ క్యూర్ ప్రకటనల్లో మాత్రం ఈ మాటకు ఏ అర్థమూ లేదు, అక్కడికి వెళ్లవద్దు. రాసేటప్పుడు ఎమ్ తర్వాత ఏ, ఎన్ తర్వాత ఈ రావాలి. ఈ రెంటినీ తారుమారు చేసిన అర్జీలు కోకొల్లలు. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద పడాలి.

ఇక మీ అమ్మాయి ఉత్తరం. అందులో పర్మనెంట్‌కు ఎదురుగా ఉన్నవి ఇన్ని నెలలకని తీసుకునే ఉద్యోగం, మధ్యలో ఏజెన్సీని పెట్టి తీసుకునే ఉద్యోగం. ఆ రెండూ కాదని, కంపెనీ సొంత పట్టికలోకి గడువు తేదీ లేకుండా తీసుకుంటున్నామని వారు చెబుతున్నారు. నోటీసు నిబంధన ముగించే పద్ధతిని చెబుతుంది, ముగిసే తేదీని చెప్పదు. పైగా అది రెండు పక్షాలకూ వర్తిస్తుంది కాబట్టి రేపు మీ అమ్మాయికి ఇంకా మంచి అవకాశం వస్తే ఆమెకూ పనికొస్తుంది. ప్రొబేషన్ కూడా పర్మనెంట్ ఉద్యోగపు గుమ్మమే గాని వేరే ఉద్యోగం కాదు. అందుచేత ఇది పర్మనెంటేనా అని హెచ్‌ఆర్‌వారిని అడిగితే అవుననే అంటారు, దానివల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఆరు నెలలు పూర్తయ్యాక కన్ఫర్మేషన్ దానంతటదే జరిగినట్టా, లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలా అన్నది అడగమనండి. ఉత్తర్వు ఇవ్వాలని ఉండి, ఇవ్వకుండా ఊరుకుంటే ప్రొబేషన్ పొడిగించినట్టేనా అన్నది కూడా అడగాలి. గొడవలన్నీ పుట్టేది అక్కడే. ప్రొబేషన్‌లో నోటీసు ఎన్ని రోజులు, కన్ఫర్మ్ అయ్యాక ఎన్ని రోజులు, నోటీసుకు బదులు జీతం కట్టి వెళ్లిపోయే వీలుందా, రిటైర్మెంట్ వయసు ఎక్కడైనా రాశారా, సంతకం పెట్టే యజమాని ఆ కంపెనీయేనా లేక దాని తరఫున మరొకరా, ఇవి చూసుకుంటే చాలు.

ఫారంలోని పర్మనెంట్ అడ్రస్‌కు ఎదురుగా ఉన్నది పక్క గడిలోని ప్రెజెంట్ అడ్రస్. హాస్టల్లోనో, పేయింగ్ గెస్టుగానో ఉండి ఆర్నెల్లకొక గది మారే పిల్లల కోసం పుట్టిన జంట ఇది: ప్రస్తుతం ఉన్నచోటు ఖాళీ చేశాక కూడా ఎక్కడికి ఉత్తరం రాస్తే మీకు అందుతుంది, ఎక్కడ అడిగితే మీ గురించి చెప్పేవారు ఉంటారు అన్నదే రెండో గడి అడుగుతున్న ప్రశ్న. ఇల్లు ఎవరి సొంతమని గాని, మీ పూర్వులది ఏ ఊరని గాని అది అడగడం లేదు. కూలిపోయిన ఇంటి అడ్రస్ రాస్తే, వివరాలు సరిచూడటానికి కంపెనీ పంపిన మనిషి పాలకొండ దాకా వెళ్లి తాళం కూడా లేని గోడలు చూసి తిరిగి వస్తాడు. మీ ఆధార్‌లో, రేషన్ కార్డులో ఉన్న గాజువాక అడ్రస్ ప్రెజెంట్ గడిలో రాసి, రెండో గడిలో సేమ్ యాజ్ అబౌ అని రాయించండి. అద్దె ఇల్లయినంత మాత్రాన అది అబద్ధం కాదు. ఉక్కు కర్మాగారం కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి అగనంపూడి, వడ్లపూడి నిర్వాసిత కాలనీలకు వచ్చిన కుటుంబాలను అడిగి చూడండి. వారి పాత కాగితాల మీది పర్మనెంట్ అడ్రస్ ఉన్న నేల ఇప్పుడు ప్రహరీ గోడ లోపల ఉంది. ఇప్పుడున్న కాలనీ అడ్రస్సే వారు రాస్తున్నారు, దాన్ని అందరూ ఒప్పుకుంటున్నారు.

ఓటరు నమోదుకైతే పర్మనెంట్ అన్న ప్రశ్నే రాదు. అక్కడి మాట ఆర్డినరిలీ రెసిడెంట్, అంటే మామూలుగా కాపురముండేవారు. ఒకచోట ఇల్లు ఉందన్న ఒక్క కారణం మీద అక్కడ కాపురమున్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షనే చెబుతోంది. మీ ఓటు ఇంకా ఊళ్లోనే ఉంటే ఇక్కడికి మార్పించుకోండి. అమ్మాయికి పైచదువుల్లో స్థానికత కావలసి వచ్చినా ముందు చూసేది ఏ ప్రాంతంలో వరుసగా ఎన్నేళ్లు చదివిందన్నది గాని, ఫారంలో మీరు పర్మనెంట్ అని రాసిన ఊరు కాదు.

ఎవరైనా పట్టుబట్టి పుట్టిన ఊరే రాయమంటే ఒక్క జాగ్రత్త తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మీ అమ్మాయి పాత సర్టిఫికెట్ల మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, అది తప్పు కాదు, దిద్దించనక్కర్లేదు. కొత్తగా నింపే ఫారంలో మాత్రం ఇప్పటి జిల్లా పేరు రాసి, పక్కన పూర్వపు శ్రీకాకుళం జిల్లా అని చేర్చితే సరిచూసేవారు రెండు కాగితాల్లో రెండు జిల్లాలేమిటని మళ్లీ ఫోను చేయరు.